గొట్టాల్లో పలకని బేస్ గిటారు

నేను బతికినన్నాళ్ళూ పక్కవాళ్ళ గొంతులు బాగుచేసి బతికాను. నా గొంతు మాత్రం ఇప్పటికీ బొంగురే. తిరుపతిలో రైల్వే స్టేషనుకు దగ్గర్లో ఒక సందులో ఉండిన రేడియో రిపేరు అంగట్లో, చేరిన రోజు నుంచి మానుకున్న రోజు దాకా ఒకే స్టూలు మీద కూర్చుని పనిచేశాను. నాకు రిటైర్మెంటని పూలదండ వేసి ఎవరూ పంపలేదు. రేడియోలు రావడం మానేశాయి, నేనూ పోవడం మానేశాను.

ఎలక్ట్రానిక్స్ చదువుకునే పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి, మీ కాలంలో ఎట్లా చేసేవాళ్ళని అడుగుతుంటారు. నేను బాగా చేసిన పనుల గురించి చెప్తే వాళ్ళకు ఆవులింతలు వస్తాయి. నాకూ వస్తాయి. అందుకని ఒక బేస్ గిటారు గురించి చెప్తాను. దానికి కొత్త గొంతు పెడదామని పోయి, దాన్ని వాయించే మనిషికి స్టేజీ మీద ఉండిన ఒక్క కుర్చీనీ ఊడగొట్టినంత పని చేశాను.

అప్పుడు ఎనభైల నడుమ. పెళ్ళి అంటే ఆర్కెస్ట్రా ఉండాలి, తిరునాళ్ళంటే ఆర్కెస్ట్రా ఉండాలి. మా ఓనరుకు రెండు వ్యాపారాలు. ముందు గదిలో రేడియో రిపేరు, వెనక గదిలో మైక్ సెట్ల బాడుగ. మైక్ సెట్టంటే ఇప్పటి మాదిరి మనిషెత్తు నల్ల పెట్టెలు కావు. ఒక యాంప్లిఫయరు, నాలుగైదు మైకులు, వెదురు బొంగులకు కట్టే గొట్టం స్పీకర్లు. ఉమ్మెత్త పువ్వు మాదిరి నోరు తెరుచుకుని ఉంటాయే, అవి. ఊరంతా పాట విన్నది ఆ గొట్టాల్లోనే. ఈ సంగతి గుర్తు పెట్టుకుని ఉంటే నాకు అంత అవస్థ ఉండేది కాదు.

ఆ మనిషిది చిత్తూరు. వాళ్ళ నాయనకు బెల్లం మండీ ఉండేది. పొద్దున పూట మండీలో రైతులు తెచ్చిన దిమ్మెల్ని తూకం వేయించి, వేలం పాట పాడి, సాయంత్రం ఏదైనా ప్రోగ్రాం ఉంటే గిటారు గోనెసంచిలో చుట్టుకుని బస్సెక్కేవాడు. పెళ్ళాం బిడ్డలు ఉన్నవాడే, కుర్రతనం ఏమీ కాదు. తిరుపతిలో మంచి పేరున్న ఒక ఆర్కెస్ట్రాలో చాలా ఏళ్ళుగా బేస్ గిటారు వాయిస్తున్నాడు. ఒక మధ్యాహ్నం ఆ గోనెసంచిని మా బల్ల మీద పెట్టాడు. బెల్లం వాసన గుప్పుమంది.

"అన్నా, ఇది పలకాల. ఎట్లయినా సరే పలకల్ల," అన్నాడు.

నేను తీగె మీటి చూశాను. "పలకతా ఉండాది గదప్పా."

"నీకూ నాకూ పలకతా ఉండాది. స్టేజీ కింద కూసున్నోళ్ళకు పలకల్ల. మా ఆర్కెస్ట్రా మాస్టరు మద్రాసు నుంచి కరెంటు ఆర్గను తెచ్చినాడు. దాంట్లో ఎడం చేత్తో బేసు కూడా వాయించుకోవచ్చంట. మాఘమాసం పెళ్ళిళ్ళ దాకా సూస్తాను, అప్పటికీ జనానికి నీ గిటారు వినపడకుంటే ఇంగ రావద్దన్నాడు."

"కోపంగా అన్నాడా?"

"లేదన్నా, నిమ్మళంగానే అన్నాడు. వినపడనోనికి ఒగ కుర్చీ, ఒగ భోజనం, ఒగ బస్సు టికెట్టు ఎందుకంటే నేనేం సెప్పేది?"

తువ్వాలుతో తీగెలు తుడుస్తూ ఇంకో మాట అన్నాడు. "మండీలో నన్ను పలానా ఆయన కొడుకంటారు. పెండ్లాము ఇంటి తావుకు పోతే పలానా ఆయన అల్లుడంటారు. ఆ స్టేజీ మీద కూసున్న రొంతసేపే అన్నా, నేను నేను మాదిరి ఉంటాను. అది గూడా పోతే ఏంజేసేది చెప్పు."

ఈ మాట నన్ను పట్టుకుంది. నేనూ ఆ స్టూలు మీద తప్ప ఇంకెక్కడా నేను నేనుగా ఉన్నవాణ్ణి కాదు. సరేనన్నాను.

గిటారు విప్పి చూస్తే జాలేసింది. చెక్క మంచిదే. తీగెల కింద రెండు నల్లటి పట్టీలు ఉంటాయి, పికప్పులంటారు. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకకన్నా సన్నటి రాగి తీగె చుట్ట. పైన ఇనప తీగె కదిలితే కింద చుట్టలో రవ్వంత కరెంటు పుడుతుంది. ఆ రవ్వంతనే యాంప్లిఫయరు పెద్దది చేస్తుంది. ఈ గిటారులో అయస్కాంతాలు సత్తువ పోయి ఉన్నాయి, చుట్టలు సగం తెగి ఉన్నాయి. పైగా ట్యూబులైటు వేస్తే చాలు, కందిరీగల తుట్టె కదిలించినట్టు గుయ్యిమనే రొద. ఈ మనిషి ఇన్నేళ్ళూ దేన్ని వాయిస్తున్నాడా అనిపించింది. ఆ ప్రశ్న నేను పైకి అడిగి ఉండాల్సింది.

పని మొదలుపెట్టాను. అయస్కాంతాలు, తీగె మద్రాసు నుంచి తెప్పించాను. ఆ తీగెను వేల చుట్లు చుట్టాలి. చేత్తో చుట్టే పని కాదు. ఇంట్లో మా ఆవిడ కుట్టుమిషనుకు బాబినులో దారం చుట్టే చక్రం ఉంటుంది కదా, దానికి తగిలించాను. నేను తొక్కితే తీగె ఫట్టుమని తెగిపోయేది. మళ్ళీ మొదటికి. మా ఆవిడ వంటింట్లోంచి చూసీ చూసీ వచ్చింది.

"లెయ్ ఆడనుంచి," అంది. "నువ్వు తొక్కతా ఉంటే మిషను ఏడస్తా ఉండాది. నేను తొక్కతాను, నువ్వు తీగె పట్టుకో."

ఆమె కాలు మెత్తన. ఒక్కసారి కూడా తెగలేదు. కాబట్టి ఆ పికప్పులు నేను చుట్టానని చెప్పుకోవడం న్యాయం కాదు. మా ఆవిడ కాలు చుట్టింది. ఆ విషయం ఆర్కెస్ట్రా వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే గౌరవమంతా ఆమెకే దక్కేది, నాకు మిగిలేది కాదు.

రొద పోవాలంటే గిటారు కడుపులోని గుంట అంతటికీ రాగి రేకు తొడగాలి. తిరుపతిలో రాగి రేకుకు కరువేమీ లేదు. దోషాలు పోవడానికి పూజ యంత్రాలు చెక్కి ఇచ్చే అంగళ్ళలో పలుచటి రేకు దొరుకుతుంది. ఏమీ చెక్కని ఒట్టి రేకు కావాలని అడిగితే అంగడాయన అనుమానంగా చూశాడు.

"ఏం దోషానికప్పా?"

"రొదకు. గిటారులో రొద చేస్తా ఉండాది."

ఆయన నవ్వలేదు. రేకు చుట్టి ఇస్తూ, "శుక్రవారం పెట్టు, మంచిది," అన్నాడు. నేను గురువారమే పెట్టేశాను. రొద పోయింది.

తర్వాత ఒక చిన్న ట్రాన్సిస్టరు సర్క్యూటు, దానికో తొమ్మిది వోల్టుల బ్యాటరీ లోపల ఇమిడ్చాను. తొమ్మిది వోల్టుల బ్యాటరీని గిటారులో పెట్టడం అప్పట్లో మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. మా అంగట్లో పరీక్షలకు వాడే పాత టేకు పెట్టె స్పీకరు ఒకటి ఉండేది. ఏ దొరల బంగళా నుంచో వచ్చిన రేడియోగ్రాముది. ఒక చిన్న మేకపిల్ల పట్టేంత పెట్టె. దానికి గిటారు తగిలించి ఆయన్ను వాయించమన్నాను.

ఒక్క తీగె మీటాడు. అల్మారాలో వాల్వుల డబ్బాలు గలగలమన్నాయి. ఆయన చెయ్యి తీసేసి తన కడుపు పట్టుకున్నాడు.

"ఈడ పలకతా ఉండాదన్నా," అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు గర్వం ఆగలేదు.

మా ఓనరు వెనక గది గుమ్మంలో నిలబడి విన్నాడు. "బాగుండాది. గొట్టంలో పెట్టి సూసినావా?" అని అడిగాడు.

"గొట్టంలో సూసేదేముండాదన్నా? ఈడ ఇంత బాగా ఉంటే ఆడ మాత్రం ఎందుకుండదు?" అన్నాను.

ఆయన వెనక గదిలోకి పోయి మైకులు సర్దుకున్నాడు. రెండోసారి అడగడం ఆయనకు అలవాటు లేదు. గొట్టాల మీద ఆయనకున్న అనుభవం నాకు లేదని ఆ క్షణాన నాకు తట్టలేదు.

తర్వాతి ప్రోగ్రాం శ్రీకాళహస్తిలో, స్వర్ణముఖి ఒడ్డున. మైక్ సెట్టు మాదే కాబట్టి నేనూ పోయాను. ప్రోగ్రాం మొదలయ్యేసరికి ఇంకా వెలుతురు ఉంది. ఈ ఆర్కెస్ట్రాలో పాడే అమ్మాయిది ఆ ఊరే, కలంకారీ బొమ్మలు వేసే ఇంటి పిల్ల. చెప్పులు విప్పేసి ఉత్త కాళ్ళతో నిలబడి పాడుతుంది. ఆమె మైకు, స్టేజీ మీద బేస్ గిటారుకు ఉండే స్పీకరు డబ్బాకు సరిగ్గా ముందర పెడతారు, ఎందుకంటే అటువైపు ఇంకెవరికీ స్థలం చాలదు. మాస్టరు నడుమ కూర్చుని అకార్డియన్ వాయిస్తాడు. పొడుగాటి మనిషి, తక్కువ మాటలు.

మొదటి పాట అందుకున్నారు. నేను జనం నడుమకు పోయి నిలబడ్డాను. పాట వినిపిస్తోంది, ఆర్గను వినిపిస్తోంది, డ్రమ్ములు చెవులు పగలగొడుతున్నాయి. గిటారు లేదు. ఇంకా వెనక్కి పోయాను. లేదు. పరుగెత్తుకుని స్టేజీ పక్కకు పోతే, అక్కడ స్టేజీ పలకలు అదురుతున్నాయి, డ్రమ్ముల హోరులో స్వరం తెలియకున్నా. అంటే గిటారు బ్రహ్మాండంగా మోగుతోంది. గొట్టాల దాకా పోయి అక్కడ చచ్చిపోతోంది. ముందు ఏదో దబదబమనే శబ్దమైనా గొట్టాల్లో వచ్చేది. నేను బాగుచేశాక అదీ పోయింది.

ఆయన స్టేజీ మీంచి నన్ను చూశాడు. వాయిస్తూనే కనుబొమలు ఎగరేసి, ఎట్లుండాదని అడిగాడు. ముఖం వెలిగిపోతోంది. నేను తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలియదు. ఆయన బాగుందనుకుని ఇంకా ఉత్సాహంగా వాయించాడు.

వైర్లు చుట్టేటప్పుడు మా ఓనరు నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. "గొట్టం నోరు ఎంతుండాది? సన్న గొంతయితే దూరం పోతాది. లావు గొంతు దాంట్లో దూరదబ్బా. నువ్వు ఉండే రవ్వంత సన్న గొంతును గూడా తీసేసి అంతా లావు చేసి పెట్టినావు."

"ముందే సెప్పుంటే బాగుండేది గదన్నా."

"ముందే అడిగినాను గదప్పా."

పిల్లలూ, ఇందులో నేర్చుకునేది ఇంతే. వస్తువును మీ బల్ల మీద పరీక్ష పెట్టకండి. అది ఎక్కడ వినపడాలో అక్కడ పెట్టండి. పుస్తకాల్లో ఇది ఉంటుందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం స్వర్ణముఖి ఇసుకలో తెలిసింది.

ఆయనకు విషయం మర్నాడు చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "ఇంగా మాఘమాసం రాలేదు గదన్నా," అని మాత్రం అన్నాడు.

రెండోసారి మా ఓనరే ఒక గొట్టాన్ని తెచ్చి ముందు గదిలో పెట్టాడు. ఒక పికప్పును తీగెలు ముగిసే కొస దగ్గరికి జరిపాను. అక్కడ శబ్దం గట్టిగా, సన్నగా, టంగుమని వస్తుంది. సర్క్యూటులో కెపాసిటర్లు మార్చి అడుగు గొంతు కోసేసి నడిమి గొంతు పెంచాను. గొట్టంలో విన్నాను. మళ్ళీ మార్చాను. మళ్ళీ విన్నాను. ఎదురింటి ముసలాయన వచ్చి, పాట వాయిస్తే వాయించండి, ఒకే తీగెను మీటి మా ప్రాణాలు తీయకండి అని దండం పెట్టి పోయాడు. చివరికి ఒక రోజు గొట్టంలోంచి ఒక్కొక్క స్వరం విడివిడిగా, లెక్కపెట్టుకునేంత తేటగా వచ్చింది. టేకు పెట్టెలో వింటే అది అంత బాగుండదు. నాకు టేకు పెట్టెతో పని లేదిక.

పూతలపట్టు తిరునాళ్ళలో ప్రోగ్రాం. చిత్తూరు రోడ్డూ తిరుపతి రోడ్డూ కలిసేచోట బస్సు దిగాను. స్టేజీ ఇంకా కనపడలేదు, గిటారు వినిపించింది. అంత దూరానికి. నేను అక్కడే టీ అంగడి దగ్గర ఆగిపోయాను. ఒక పాట నిడివి అంతా నాకన్నా సంతోషంగా ఉన్నవాడు ఆ జిల్లాలో లేడు.

రెండో పాటలో ఏదో తేడా కొట్టింది. అమ్మాయి పాడేది ఒకచోట ఉంది, గిటారు ఇంకోచోట ఉంది. ఆర్గను ఒక మెట్టు మీద నిలబడితే గిటారు పక్క మెట్టు మీద నిలబడి ఉంది. లయ మాత్రం పోలేదు, గడియారం మాదిరి ఉంది. స్వరాలే ఎవరివో.

నా పక్కన టీ తాగే ఆయన గ్లాసు దించి, "ఎవురప్పా ఆ గిటారోడు, వేరే పాట వాయిస్తా ఉండాడే?" అన్నాడు.

నేను స్టేజీ దగ్గరికి పోయేసరికి ఆర్గను ఆయన వెనక్కి తిరిగి చూస్తున్నాడు. తర్వాత డోలక్కు ఆయన తిరిగాడు. తర్వాత మాస్టరు. అమ్మాయి ఒక్కతే తిరక్కుండా పాడుతూ పోయింది. గిటారు వాయించే ఈయనకు ఎందుకు చూస్తున్నారో మొదట అర్థం కాలేదు. తన గిటారు బాగుందని చూస్తున్నారనుకున్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు మెల్లగా ఆరిపోవడం నేను కింద నిలబడి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

ప్రోగ్రాం అయ్యాక మాస్టరు అకార్డియన్ పెట్టెలో పెడుతూ తల ఎత్తకుండా అడిగాడు. "ఇన్నేళ్ళూ ఇదేనా వాయిస్తా ఉండింది?"

"అవును సార్."

"మాకు తెలీలేదే."

"నాకూ తెలీలేదు సార్."

మాస్టరు పెట్టె మూత వేశాడు. "చిత్తూరులో మండీ వాళ్ళింటి పెండ్లి నీ మాట మీద వచ్చింది. ఆ ఒక్కటీ వాయించు. దాంతో సరి." కోపం లేదు. అందుకే ఎదురు చెప్పడానికి వీలు లేకపోయింది.

మర్నాడు ఆయన అంగడికి వచ్చాడు. పాత పికప్పులు మళ్ళీ పెట్టమంటాడేమోనని భయపడ్డాను. అడిగితే పెట్టేసేవాణ్ణే. అడగలేదు.

"యాడ నేర్చుకున్నావప్పా నువ్వు?" అని అడిగాను. మొదటి రోజు అడగాల్సిన మాట అది.

"మండీలో గద్దె మీద రేడియో ఉంటాది. దాంట్లో పాటలొస్తాయి గదా. విని విని నేర్చుకున్నాను."

ఆ రేడియోను నేనే ఒకసారి బాగుచేశాను. అరచేతిలో పట్టే ట్రాన్సిస్టరు. దాని స్పీకరు జాకెట్టు గుండీకన్నా కొంచెం పెద్దది. దాంట్లో బేస్ గిటారు రాదు. రావడానికి వీల్లేదు. ఈ మనిషి తనకు వినపడని వాయిద్యాన్ని వినపడినంత మేర ఊహించుకుని నేర్చుకున్నాడు. నేర్చుకున్నదాన్ని ఎవరికీ వినిపించని గొట్టాల్లో వాయించాడు. అడుగున ఏదో ఉండాలి కదా అని డోలక్కు నడకను బట్టి, అమ్మాయి గొంతును బట్టి తనకు తోచింది పెట్టుకుంటూ పోయాడు. ఇంతమంది నడుమ, ఇన్నేళ్ళు, ఎవరికీ తెలియలేదు.

నేను లేచి, అంగడి తలుపులు దగ్గరికి వేసి, వాళ్ళు ప్రతి ప్రోగ్రాంలోనూ పాడే ఒక పాట రికార్డును అంగట్లోని ప్లేయరు మీద వేసి టేకు పెట్టెలో వినిపించాను.

ఆయన విన్నాడు. పల్లవి అయ్యేదాకా కదల్లేదు. చరణంలో అడుగున గిటారు మెట్లు దిగుతూ వచ్చి మళ్ళీ పైకి ఎక్కే తావు ఒకటుంది. అక్కడ చెయ్యెత్తి, ఆపమన్నాడు.

"ఇంగోసారి పెట్టన్నా."

పెట్టాను. ఇంకోసారి అడిగాడు. మళ్ళీ పెట్టాను.

"ఇదా దాంట్లో ఉండేది," అన్నాడు చివరికి. "ఇంత మంచిగా ఉండాదే. నేను ఇది లేని పాటకు వాయించుకుంటా ఉండినాను."

తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. సిగ్గుపడాల్సినవాడు ఆయన కాదని చెప్పాలనిపించింది. రికార్డును మళ్ళీ మొదటికి పెట్టాను.

ఆ తర్వాత రోజూ మండీలో వేలం ముగిసిన వెంటనే బస్సెక్కి వచ్చేవాడు. టేకు పెట్టె ముందు చాప వేసుకుని కూర్చునేవాడు. రికార్డు, గిటారు, రికార్డు, గిటారు. ఒక్కోసారి వచ్చిన బేరానికి జవాబు చెప్పడానికి నేను అరవాల్సి వచ్చేది. మా ఓనరు రోజూ ఒకసారి వచ్చి, "ఇది రిపేరు అంగడా, పాటల బడా?" అని గొణిగేవాడు. గొణిగి, తన టీతోపాటు ఆయనకూ ఒక టీ చెప్పి పోయేవాడు. ఎవరూ ఏ ఆశా పెట్టుకోలేదు. మాస్టరు మాట అయిపోయింది. అయినా నేర్చుకున్నాడు. ఒక్కసారైనా ఆ కుర్చీలో సరిగ్గా వాయించి దిగాలని ఉండిందని ఆయనే చెప్పాడు.

చిత్తూరు పెళ్ళి వచ్చింది. కల్యాణ మండపం నిండా బెల్లం మండీల వాళ్ళే. ముందు వరసలో వాళ్ళ నాయన కూర్చుని ఉన్నాడు, తెల్ల పంచె, భుజం మీద జరీ కండువా. కొడుకు ఇన్నేళ్ళలో వాయించడం ఆయన ఒక్కసారీ చూడలేదట. లోపల గొట్టాలు, బయట వీధిలో గొట్టాలు. నేను స్టేజీని ఆనుకుని యాంప్లిఫయరు దగ్గర కూర్చున్నాను.

మొదటి పాట తప్పు లేకుండా పోయింది. రెండోదీ పోయింది. అక్షరం పొల్లుపోకుండా రికార్డులో ఉన్నట్టే. ఆర్గను ఆయన వెనక్కి చూడలేదు. మాస్టరు కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు, అది ఆయన సంతోషం. నేను యాంప్లిఫయరు మీంచి చెయ్యి తీసి కాళ్ళు చాపుకున్నాను.

మూడోది అమ్మాయి పాట. పల్లవి బాగా పాడింది. చరణం ఎత్తుగడలో తడబడింది. ఆర్గను ఆయన సర్దేశాడు. రెండో చరణంలో మళ్ళీ అక్కడే తడబడింది, ఈసారి మాట మింగేసింది. తర్వాత పాడటమే ఆపేసింది. వాయిద్యాలు ఒక్కొక్కటే నిలిచిపోయాయి.

ఆమె మైకుకు చెయ్యి అడ్డం పెట్టి వెనక్కి తిరిగింది. మాస్టరు వైపు కాదు, ఈయన వైపు.

"అన్నా, ఏమయింది నీకీ పొద్దు? నేను యాడ ఊపిరి తీసుకునేది?"

ఆయనకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. మాస్టరు అకార్డియన్ మీద చేతులు పెట్టి, "ఆయన ఇప్పుడే గదమ్మా సరిగ్గా వాయిస్తా ఉండేది," అన్నాడు.

"సరో కాదో నాకు తెల్దు సార్. ఆయన ఆగే తావుల్లో నేను ఊపిరి తీసుకుంటా. ఆయన డబ్బా నా కాళ్ళ ఎనకాలే ఉంటాది. పలక అదురుతా అదురుతా ఒగ తావులో ఆగతాది. అప్పుడు తీసుకుంటా. ఇన్నేళ్ళూ అట్లే పాడినాను. ఈ పొద్దు ఆగలే సార్, గుక్క తిప్పుకోనీలే."

ఊరంతటికీ వినపడని గిటారు ఒక్క మనిషికి వినపడుతూనే ఉండింది, ఆమె ఉత్త కాళ్ళకు. ఆమె గొంతును బట్టి ఈయన ఆగాడు, ఈయన ఆగినదాన్ని బట్టి ఆమె పాడింది. నేను మార్చిన అయస్కాంతాలు, కెపాసిటర్లు, రాగి రేకులు, వేటికీ ఈ సంగతి తెలియదు. నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. యాంప్లిఫయరు వైపు తిరిగి ఏదో మీట సర్దుతున్నట్టు నటించాను.

ముందు వరసలో జనం సణుగుడు మొదలైంది. మాస్టరు వేళ్ళతో అకార్డియన్ మెట్లను ఊరికే తడిమాడు. తర్వాత ఈయన వైపు చూశాడు.

"స్వరాలు ఇప్పుడు నేర్చుకున్నవే వాయించు. ఆగేది మాత్రం నువ్వు యాడ ఆగతా ఉండినావో ఆడనే ఆగు. చేతనయితాదా?"

"సూస్తాను సార్."

"సూసేది కాదు. ఈ పొద్దు పెండ్లి."

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. పాట మళ్ళీ మొదలైంది. పల్లవిలో ఒక స్వరం జారింది, నాకు గొట్టంలో తెలిసింది. చరణం దగ్గరికి వచ్చేసరికి ఆ మెట్లు దిగే స్వరాలు వచ్చాయి, రికార్డులోవే. సగం మెట్ల మీద ఆగాయి. రికార్డులో లేని తావులో. ఆ సందులో అమ్మాయి ఊపిరి తీసుకోవడం మైకులో వినిపించింది. తీసుకుని, గొంతు విప్పింది. గిటారు మిగిలిన మెట్లు దిగి ఆమెను అందుకుంది.

ఆ పాట వేల ఇళ్ళలో వేల రేడియోల్లో మోగి ఉంటుంది. ఆ సాయంత్రం చిత్తూరులో మోగినట్టు ఇంకెక్కడా మోగి ఉండదని నేను ఒట్టేసి చెప్తాను. నేను రేడియోలు బాగుచేసినవాణ్ణి, నాకు ఆ మాట చెప్పే హక్కు ఉంది.

వాళ్ళ నాయన పక్కనున్న పెద్దమనిషి వైపు వంగాడు. "ఆ లావు గొంతు వినపడతా ఉండాది సూడు. అది మావోడిది," అన్నాడు. ఆయనది వేలం పాటలు పాడిన గొంతు, రహస్యం చెప్పడం చేతకాదు. స్టేజీ మీద కొడుక్కు కూడా వినపడింది. తల వంచుకుని వాయిస్తూ పోయాడు.

ప్రోగ్రాం అయిపోయింది. భోజనాలకు పిలుస్తున్నారు. నేను వైర్లు చుడుతూనే ఆలోచిస్తున్నాను. ఆ ఆగే తావుల్లో శబ్దం ఇంకా చప్పున తెగితే అమ్మాయికి మరింత సుఖంగా ఉంటుంది. పికప్పును ఒక గోరంత కిందికి దించి, ఒక రెసిస్టరు మారిస్తే చాలు. చేతిలో స్క్రూడ్రైవరు ఉండనే ఉంది. ఆయన గిటారును గోనెసంచిలో చుట్టబోతుంటే దగ్గరికి పోయాను.

"అప్పా, రేపు ఒకసారి అంగడికి తీసుకురా. రవ్వంత పని ఉండాది."

ఆయన జవాబు చెప్పేలోగా వెనకనుంచి ఒక పొడుగాటి చెయ్యి వచ్చి గిటారు మెడ పట్టుకుంది. మాస్టరు.

"నువ్వు ఇంగ దీని తావుకు రావద్దప్పా," అన్నాడు నాతో. "తడ ఊర్లో మాకు ప్రోగ్రాం ఉండాది. ఈయనా రావాల, ఈ గిటారూ ఇట్లే రావాల."

నేను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని భోజనానికి పోయాను.